పావలాకి మూడు పాటలు

పోయిన ఉగాది సంబరాల్లో భోజనాలయ్యాక మన కుర్రాళ్ళు పాటలు పెట్టారు గదా. వాటి మధ్యలో ఎవరో ఒక పాత అమెరికన్ పాట పెట్టారు. 1961లో బెన్ ఇ. కింగ్ పాడిన ‘స్టాండ్ బై మీ’. నేను కాగితపు పళ్ళెంలో పెరుగన్నం తింటూ, నాకు తెలియకుండానే పెదాలు కదుపుతున్నానట. పక్కనున్న డాక్టరు గారు చూసి, “మీకు త్యాగరాజ కీర్తనలు తప్ప మరొకటి పట్టదనుకున్నామే!” అన్నారు. మా ఆవిడ తలెత్తకుండానే, “ఆయనకి అవన్నీ వచ్చు. జూక్‌బాక్సు దగ్గర చదువుకున్నారు” అంది. అందరూ నవ్వారు. మన సంపాదకుల వారు మాత్రం నవ్వలేదు. “అయితే అదే రాసివ్వండి, ఈ నెల నాలుగు పేజీలు ఖాళీగా ఉన్నాయి” అన్నారు.

అందుకని రాస్తున్నాను. పాటల గురించే మొదలుపెడతాను గాని, చివరిదాకా పాటల గురించే ఉంటుందని మాత్రం మాటివ్వలేను.

నేను 1968 అక్టోబరు చివర్లో విండ్సర్‌లో దిగాను. అంతకు ముందు ఏడే కెనడా ప్రభుత్వం పాయింట్ల పద్ధతి పెట్టింది. చదువుకి ఇన్ని, వయసుకి ఇన్ని, భాషకి ఇన్ని అని మార్కులు వేసి మనిషిని రానిచ్చే పద్ధతి. మార్కులంటే మనవాళ్ళకి భయమేముంది? కాకినాడలో మెకానికల్ చదివిన నాకు మార్కులు బాగానే పడ్డాయి. వచ్చాక ఆ డిగ్రీని ఎవరూ డిగ్రీగా లెక్కపెట్టలేదు, అది వేరే సంగతి. చివరికి ఒక టూల్ అండ్ డై షాపులో డ్రాఫ్ట్స్‌మన్ పని దొరికింది. విండ్సర్ చూడనివారికి ఒక మాట: ఆ ఊళ్ళో నది ఒడ్డున నిలబడితే అమెరికా మనకి ఉత్తరాన కనిపిస్తుంది. అవతలి గట్టున డిట్రాయిట్. మొదటి ఉత్తరంలో ఈ విషయం రాస్తే మా నాన్నగారు అట్లాసు ముందేసుకుని, “వీడికి అప్పుడే దిక్కులు తప్పాయి” అన్నారట.

షాపుకి రెండు వీధుల అవతల ఒక లంచ్ కౌంటరు ఉండేది. శాకాహారికి అక్కడ దొరికేవి మూడే: చీజు పెట్టి కాల్చిన రొట్టె, వేయించిన బంగాళాదుంప ముక్కలు, ఆపిల్ పై. ఆ మూటితో రెండు శీతాకాలాలు వెళ్ళదీశాను. గదికి పోతే పలకరించే దిక్కు లేదు గనక సాయంత్రాలు కూడా అక్కడే కూచునేవాణ్ణి. మూలన సీబర్గ్ కంపెనీ జూక్‌బాక్సు ఒకటి ఉండేది.

నేను మొదట ప్రేమించింది పాటని కాదు, ఆ యంత్రాన్ని. మన పిల్లలకి తెలియదు గనక చెబుతున్నాను. అద్దం వెనక 50 రికార్డులు అలమరలో పుస్తకాల్లాగా నిలువుగా పేర్చి ఉంటాయి. రెండు వైపులా కలిపి నూరు పాటలు. నాణెం వేసి ఒక అక్షరం, ఒక అంకె నొక్కితే, ఒక చిన్న బండి పట్టాల మీద గణగణా పరుగెత్తి, సరిగ్గా ఆ రికార్డు దగ్గర ఆగి, దాన్ని పైకి లాగి, నిలబెట్టే తిప్పుతుంది. మనం అడిగింది వెనకవైపు పాటయినా సరే, రికార్డుని తిరగెయ్యదు. రెండు వైపులకీ ముల్లు ఉంటుంది. 1948 చివర్లో ఈ నూరు పాటల పెట్టె వచ్చింది. అంతకు ముందువాటిలో ఇరవయ్యో పాతికో పాటలే. 1949లో ఆర్‌సీఏ వాళ్ళు మధ్యలో పెద్ద కన్నం ఉన్న చిన్న 45 రికార్డు తెచ్చారు. మరుసటి ఏడు సీబర్గ్ వాళ్ళు పెట్టెని దానికి తగ్గట్టు మార్చారు. పది సెంట్లకి ఒక పాట, పావలాకి మూడు. క్వార్టరుని మనవాళ్ళందరం పావలా అనే అనేవాళ్ళం, ఇప్పటికీ మా ఇంట్లో అదే మాట.

యంత్రం చూడటానికి వేసిన పావలాల వల్ల పాటలు చెవిన పడ్డాయి. లూయీ జోర్డన్, ఫ్యాట్స్ డామినో లాంటి పాతవాళ్ళవి రెండో మూడో ఉండేవి. మిగిలినవి ఎక్కువగా డిట్రాయిట్ పాటలే. మూడు నిమిషాల్లోపు ఒక కథ మొదలై, మలుపు తిరిగి, ముగిసిపోయేది. రే చార్లెస్ 1959లో ‘వాట్‌డ్ ఐ సే’ అనే పాట ఆరు నిమిషాలు దాటి పాడితే, దాన్ని రెండు ముక్కలు చేసి రికార్డుకి ముందో సగం వెనకో సగం అచ్చేశారు. మన హరికథలో పిట్టకథ దగ్గర ఆపి పళ్ళెం తిప్పినట్టు. ఆ పెట్టెలో అడుగున పెద్ద స్పీకరు ఉండటం వల్ల బాసు గిటారు శబ్దం మన కుర్చీ కాళ్ళలోంచి ఎక్కి వచ్చేది. మృదంగం మీద ఎడమచేతి గుమికి వంద మైళ్ళ దూరంలోది కాదని నాకు వారంలోనే తెలిసిపోయింది.

ఇక్కడ డీకన్ గారి గురించి చెప్పాలి. పేరు రాయను, వారి పిల్లలు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నారు. మా షాపులో ఉన్న ఒకే ఒక్క నల్ల టూల్‌మేకరు. యాభై దాటినవారు. వారి బాప్టిస్టు చర్చిలో డీకన్, అందుకని షాపులో అందరూ అలాగే పిలిచేవారు. వెయ్యోవంతు అంగుళం తేడాని గోటితో రాసి చెప్పేవారు. నేను గీసిన డ్రాయింగు ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టి, “కాలేజీ, ఈ బోల్టు బిగించటానికి స్పానరు పట్టే చోటేదీ?” అన్నారు. నిజంగానే లేదు. ఇంకొకరైతే పై అధికారి దగ్గరికి తీసుకుపోయేవారు. ఆ మధ్యాహ్నం నుంచి మేమిద్దరం కలిసే భోంచేసేవాళ్ళం.

పావలా ఆయనది. రెండు పాటలు ఆయన నొక్కి, మూడోది నాకు వదిలేవారు. మూడున్నరేళ్ళు అదే లెక్క. ఒకసారి నేను మూడోదిగా రే చార్లెస్‌ని నొక్కితే మొహం చిట్లించారు. 1954లో ఆయన ‘ఐ గాట్ ఎ వుమన్’ అనే పాటని ఒక చర్చి పాట వరస మీద కట్టారట. “ఆదివారం బట్టలు వేసుకుని శనివారం రాత్రి తిరిగినట్టుంది” అన్నారు. నాకు నవ్వొచ్చింది. మా ఊళ్ళో భజన బృందం వాళ్ళు సినిమా వరస తీసుకుని అందులో రాముణ్ణి కూచోబెట్టేవాళ్ళు. వీళ్ళు దేవుడి వరస తీసుకుని అందులో పిల్లని కూచోబెట్టారు. ఆ మాట చెబితే డీకన్ గారు చాలాసేపు నవ్వారు గాని, రే చార్లెస్‌ని క్షమించలేదు.

శామ్ కుక్‌ని మాత్రం క్షమించారు. ఆయనా చర్చి పాటల బృందంలోంచి బయటికి వచ్చి ప్రేమ పాటలు పాడినవాడే. 1964 డిసెంబరులో చనిపోయాడు. పోయిన కొద్ది రోజులకే వచ్చిన రికార్డుకి ముందువైపు ‘షేక్’ అనే నాట్యం పాట, వెనకవైపు ‘ఎ చేంజ్ ఈజ్ గాన కమ్’. అమ్ముడుపోతుందని ముందు పెట్టింది డాన్సు పాట. డీకన్ గారు రోజూ మొదట నొక్కేది ఆ వెనకవైపు. మామూలుగా కొత్త పాటలు రాగానే పాతవి తీసేసేవాళ్ళు. దీన్ని తియ్యకుండా కౌంటరు యజమానికి చెప్పి ఉంచారు.

మాటల మధ్య ఆయన చెప్పిన చరిత్ర నాకు కాకినాడలో ఎవరూ చెప్పలేదు. బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వం 1834 ఆగస్టు 1న రద్దయింది. అమెరికాలో ఇంకా ఉంది. అందుకని ఆ నది దాటితే మనిషి మనిషయ్యేవాడు. డీకన్ గారి ముత్తాత అలా దాటినవాడే. దాటివచ్చినవాళ్ళు శాండ్‌విచ్ అనే పేటలో 1851లో కట్టుకున్న బాప్టిస్టు చర్చి ఇప్పటికీ ఉంది, ఇటుకలు కూడా వాళ్ళే చేసుకున్నారు. ఏటా ఆగస్టులో జాక్సన్ పార్కులో విమోచన ఉత్సవం జరిగేది, డిట్రాయిట్ నుంచి వేలాదిమంది వచ్చేవారు. 1967 జులైలో డిట్రాయిట్ తగలబడింది. 43 మంది పోయారు. ఈ గట్టున జనం నిలబడి పొగ చూశారు. ఆ ఏడు ఉత్సవం ఆగిపోయింది. డీకన్ గారు పుట్టిన మక్‌డూగల్ వీధిలో నల్లవాళ్ళ ఇళ్ళని పట్టణ పునరుద్ధరణ పేరు మీద పడగొట్టారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు హెచ్చేది కాదు, తగ్గేది.

‘రిథమ్ అండ్ బ్లూస్’ అనే పేరు ఎలా వచ్చిందో తరవాత చదివి తెలుసుకున్నాను. బిల్‌బోర్డ్ అనే పత్రిక జూక్‌బాక్సుల్లో, కొట్లలో ఏ పాటలు ఆడుతున్నాయో పట్టికలు వేసేది. నల్లవాళ్ళ పాటలకి పట్టిక వేరు. 1942లో దాని పేరు ‘హార్లెమ్ హిట్ పరేడ్’. 1945 నుంచి ‘రేస్ రికార్డ్స్’, అంటే జాతి రికార్డులు. 1949 జూన్‌లో, ఆ పత్రికలో పనిచేసే జెర్రీ వెక్స్‌లర్ సలహా మీద, ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని మార్చారు. పేరు మర్యాదగా మారింది గాని, పట్టిక వేరుగానే ఉండిపోయింది.

ఇది చదివినప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్ళో టీ కొట్టు గుర్తుకొచ్చింది. మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, పైకి చెప్పుకోం. మాలపల్లెవాళ్ళకి, మాదిగపల్లెవాళ్ళకి గ్లాసులు వేరు. చూరు కింద బోర్లించి ఉండేవి. తాగినవాడే కడిగి పెట్టాలి. కొట్టు ఎదురుగా పంచాయతీ రేడియో. ఘంటసాల గారి పాట వచ్చినప్పుడు రోడ్డుకి అటు వాళ్ళూ ఇటు మేమూ ఒకేసారి తలలూపేవాళ్ళం. గ్లాసులు వేరైనా పాట ఒకటే గదా అని నేను అప్పట్లో సంతోషించేవాణ్ణి. అలా సంతోషించటానికి నేను రోడ్డుకి ఇటువైపు ఉన్నాను గదా.

రేడియో అంటే గుర్తొచ్చింది. విండ్సర్‌లోని సీకేఎల్‌డబ్ల్యూ అప్పట్లో 50 వేల వాట్లతో రెండు దేశాలనీ ఊపేసేది. దాంట్లో పాటలు ఎంచే బాధ్యత 1968 నుంచి రోజలీ ట్రాంబ్లీ అనే ఆవిడది. టెలిఫోను బోర్డు దగ్గర చేరి, అక్కణ్ణించి పైకొచ్చిన మనిషి. ఏ పాట నిలుస్తుందో ఆవిడ చెవికి తెలుస్తుందని పేరు. నల్లవాళ్ళ పాటలూ తెల్లవాళ్ళ పాటలూ ఒకే వరసలో కలిపి వేసేవాళ్ళు. 1971 నుంచి వందకి 30 పాటలు కెనడావే ఉండాలని ప్రభుత్వం నియమం పెట్టింది, డిట్రాయిట్ శ్రోతల కోసం పోటీపడే స్టేషనుకి అది ఇరకాటమే అయింది. ట్రాంబ్లీ గారు 2021లో పోయారు. ఇప్పుడు నది ఒడ్డున ఆవిడ విగ్రహం ఉంది. ఆ స్టేషను ఇప్పుడు వార్తలూ కబుర్లూ చెబుతుంది.

“ఈ పావలాలో పాట కట్టినవాడికి ఎంత ముడుతుంది?” అని ఒకరోజు డీకన్ గారు అడిగారు. లెక్కలు తెలిసినవాణ్ణి గనక ఒక సెంటైనా ఉంటుందన్నాను. “అవతలి గట్టున సున్నా” అన్నారు. నిజమే. 1909 నాటి అమెరికా కాపీరైటు చట్టం జూక్‌బాక్సులో పాట ఆడినందుకు ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదంది. 1978లో గాని అది మారలేదు. మారాక ఎంతంటే, పెట్టెకి ఏడాదికి 8 డాలర్లు. అదీ పాట కట్టినవాళ్ళకీ ప్రచురించినవాళ్ళకీ, పాడినవాళ్ళకి కాదు.

సరే, అసలు సంగతి. 1969లో నేను కాపురానికి వాటా వెతుక్కున్నాను. ఫోనులో ఖాళీ ఉందన్న ఒక ఇంటివాడు, నేను గుమ్మంలో నిలబడగానే “ఇప్పుడే ఇచ్చేశాం” అన్నాడు. వారం తరవాత కూడా కిటికీలో అట్ట అలాగే ఉంది. డీకన్ గారికి చెబితే ఏమీ అనలేదు. సాయంత్రం తన కారులో వాళ్ళ అక్కగారింటికి తీసుకెళ్ళారు. మేడమీద రెండు గదులు. అద్దె అడగటానికి ఆవిడే మొహమాటపడింది. 1970లో మా ఆవిడ వచ్చింది. 1971 ఫిబ్రవరిలో నొప్పులు వచ్చిన రాత్రి, మోకాలి లోతు మంచులో, మమ్మల్ని ఆసుపత్రికి చేర్చింది డీకన్ గారు. పురిటి గది బయట తెల్లవారేదాకా మా అమ్మ చెయ్యాల్సిన పని చేసింది ఆ అక్కగారు. పాపకి మొదటి ఉయ్యాల వాళ్ళింటిదే.

1972లో ఇల్లు కొన్నాం. గృహప్రవేశానికి అటూ ఇటూ కలిపి నలభైమందిని పిలవాలని అనుకున్నాం. జాబితా రాస్తుంటే, అప్పట్లో మాకందరికీ పెద్దదిక్కుగా ఉన్న ఒకాయన చూసి, “వాళ్ళని పిలిస్తే కొందరు మనవాళ్ళు పంక్తిలో కూచోటానికి ఇబ్బంది పడతారేమో. ఎందుకొచ్చిన గొడవ, వాళ్ళకి విడిగా ఇంకోరోజు పెట్టుకుంటే సరి” అన్నారు. విడిగా. నేను ఆ మాట విన్నాను, తల ఊపాను. మా ఆవిడ రెండుసార్లు అడిగింది, “అక్కగారిని పిలవలేదేమండీ?” అని. ఇల్లు చిన్నదన్నాను. నలభైమంది పట్టిన ఇల్లు.

తప్పు ఆ పెద్దాయన మీదికి నెట్టటానికి రాయటం లేదు. జాబితా నా చేతిలో ఉంది, పెన్నూ నా చేతిలోనే ఉంది.

సోమవారం లడ్డూలు డబ్బాలో పెట్టుకుని లంచ్ కౌంటరుకి వెళ్ళాను. డీకన్ గారు ఒకటి తిన్నారు, బాగుందన్నారు. “శనివారం మీ వీధిలోంచి వెళ్ళాను. కార్లు చాలా ఉన్నాయి” అన్నారు. “అవునండీ, మావాళ్ళు కొందరు...” అని ఆగిపోయాను. “మంచిది. కొత్త ఇల్లు జనంతో నిండాలి” అన్నారు. అందులో వెటకారం లేదు. ఉంటే బతికిపోయేవాణ్ణి. పావలా తీసి వేశారు. శామ్ కుక్ వెనకవైపు నొక్కారు. ఇంకోటి నొక్కారు. మూడోది ఎప్పటిలాగే నాకు వదిలి కాఫీ అందుకున్నారు. నాకు చెయ్యి రాలేదు. పెట్టె మీద దీపం వెలుగుతూనే ఉంది. భోజనం గంట అయిపోయి ఇద్దరం లేచిపోయాం. ఆ పాట తరవాత ఎవరు వాయించుకున్నారో తెలియదు.

మరుసటి రోజు ఆయన మామూలుగానే మూడోది నాకు వదిలారు. ఆ తరవాత రోజూ అంతే.

మా ఆవిడ మాత్రం నాతో చెప్పకుండా ఆ వారమే పులిహోర, గారెలు చేసుకుని, పాపని చంకనేసుకుని, బస్సెక్కి అక్కగారింటికి వెళ్ళింది. వాళ్ళిద్దరి స్నేహం ఆవిడ పోయేదాకా సాగింది. నేను ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. 1979లో అబ్బాయి ఒడుగుకి డీకన్ గారిని స్వయంగా వెళ్ళి పిలిచాను. చాలా సంతోషించి, ఆ రోజు చర్చిలో పని ఉందన్నారు. ఉండే ఉండచ్చు.

1972లోనే మోటౌన్ కంపెనీ డిట్రాయిట్ వదిలి లాస్ ఏంజెలెస్‌కి తరలిపోయింది. మా కౌంటరులో జూక్‌బాక్సు ఇంకో నాలుగేళ్ళు ఉంది. పెట్టెవాడు వచ్చి లాగించుకుపోయే రోజున రికార్డులు పది సెంట్లకొకటి చొప్పున అమ్మేశాడు. డీకన్ గారు ఒకటే కొన్నారు. తను ఉంచుకుంటారనుకున్నాను. నా బల్ల మీద పెట్టి, “కాలేజీ, వెనకవైపు” అని చెప్పి తన మిల్లింగు మిషను దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మేము విండ్సర్ వదిలి ఇక్కడికి వచ్చీ చాలా ఏళ్ళయింది. ఆ రికార్డు నా పెట్టెలో, కాగితపు సంచిలో, నా ఇంజనీరింగు సర్టిఫికెట్టు పక్కనే ఉంది. ఒక్కసారి కూడా వెయ్యలేదు. జూక్‌బాక్సు రికార్డుకి మధ్యలో కన్నం పెద్దది. మామూలు గ్రామఫోను మీద పెట్టాలంటే మధ్యలో ఇరికించే ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి కావాలి. అది నా దగ్గర లేకపోయిందని ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను, కొంటే డాలరు కూడా కాదు.

ఉగాది నాడు మా ఆవిడ ఇంటికొచ్చాక, “ఆ రికార్డు ఒకసారి వేద్దామా?” అంది. మన సభ్యుల్లో ఎవరింట్లోనైనా పనిచేసే టర్న్‌టేబులూ, ఆ బిళ్ళా ఉంటే దయచేసి మాకు ఫోను చెయ్యండి. డీకన్ గారి అక్కగారి మనవరాలు ఈ ఊళ్ళోనే నర్సుగా పనిచేస్తోందని మా ఆవిడకి మొదటినుంచీ తెలుసట, నాకు మొన్ననే చెప్పింది. ఆ అమ్మాయినీ, వాళ్ళాయన్నీ వచ్చే నెల రెండో ఆదివారం భోజనానికి పిలిచాం. వస్తామన్నారు. టర్న్‌టేబులు తెచ్చేవారు కూడా ఆ పూటే రండి, పంక్తి ఒకటే.